పాలకుర్తి ఐలమ్మ

జనగామ పట్టణమునకు తూర్పుగా పాలకుర్తి యను గ్రామము కలదు. ఊరి ప్రక్కనున్న గుట్టపై సోమేశ్వరస్వామి కొలువై యున్నాడు. బసవపురాణమును రచించిన పాల్కురికి సోమనాథుడు ఈ యూరివాడని ప్రతీతి. అచటికి కొలది దూరముననే బమ్మెర గ్రామమున్నది. భాగవతమును తెనిగించిన పోతన జన్మించిన చోటు అదియేనని ఆ ప్రాంతమువారి విశ్వాసము. రాజులను కొలువక, నాగలి పట్టి బ్రదికిన కవి యని పోతనను గూర్చి తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ నేలమీదనే ఇరువదవ శతాబ్దమున ఒక స్త్రీ, నాలుగెకరముల వరిచేను కొరకు, పదులకొలది గ్రామములను శాసించుచుండిన ప్రభువును ఎదిరించి నిలిచెను. ఆమె బడికి పోయి చదివినది కాదు. ధనబలము గాని, బంధుబలము గాని ఆమెకు లేదు. ఆమెయే ఐలమ్మ.

ఐలమ్మ 1895వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన కృష్ణాపురమున జన్మించెను. ఆ గ్రామము నేటి వరంగల్లు జిల్లాలో రాయపర్తి మండలమునకు చెందినది. తండ్రి ఓరుగంటి సాయిలు, తల్లి మల్లమ్మ. వారిది రజకుల కుటుంబము. ఆ కాలపు ఆచారమునుబట్టి ఐలమ్మకు బాల్యముననే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహమయ్యెను. అత్తవారింటను అదే వృత్తి. తెల్లవారకముందే ఇంటింటికి తిరిగి మైలబట్టలు మూటగట్టి తెచ్చుట, వానిని బానలో ఉడుకబెట్టుట, రేవున బండపై ఉదుకుట, ఆరవేసి మడచి ప్రొద్దు క్రుంకులోపల ఎవరి బట్టలు వారికి చేర్చుట, ఇదియే నిత్యకృత్యము. ఊరందరి బట్టలలో ఏది యెవరిదో గుర్తు తప్పకుండుట ఆ వృత్తిలో గొప్ప నేర్పు. ఆ నేర్పునకు తగిన ఫలము మాత్రము లేకుండెను. పంటకాలమున కల్లములయొద్ద రైతులు కొలిచి యిచ్చు గింజలే ఏడాది పొడుగునను వారికి ఆధారము. కుమారులును, ఒక కూతురును కలిగి సంసారము పెరిగినకొలది ఆ గింజలు చాలవయ్యెను. ఐలమ్మ దృష్టి భూమివైపు మరలెను.

ఆమె కథ చక్కగా తెలియవలెనన్న, నాటి హైదరాబాదు రాజ్యమున భూమి యెవరి చేతిలో నుండెనో ముందు తెలియవలెను. ఆ రాజ్యమును ఏలుచుండినవాడు నిజాము. రాజ్యములోని నేలలో దాదాపు పదవ వంతు నిజాము సొంత ఖర్చులకై కేటాయింపబడియుండెను. దానిని సర్ఫెఖాస్ అనెడివారు. మూడు వంతులు జాగీరుదారుల పాలయ్యెను. మిగిలిన ఆరు వంతులు మాత్రమే ప్రభుత్వము నేరుగా శిస్తు వసూలు చేయు దివానీ భూమి. ఈ దివానీ గ్రామములలోనైనను రైతు సుఖముగా నుండెనా యన్న, అదియును లేదు. పూర్వము దేశముఖులు ప్రభుత్వము పక్షమున శిస్తు వసూలు చేయుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున సాలారుజంగు మంత్రిగానుండి, ఆ పనిని జీతమునకు పనిచేయు ఉద్యోగులకు అప్పగించెను. దేశముఖులకు పదవి పోయినను పలుకుబడి పోలేదు. భూముల సర్వే జరిగినపుడు ఏ చేను ఎవరి పేర వ్రాయవలెనో తెలిసినవారు వారే. తరతరములుగా దున్నుకొనుచున్న రైతులకు తెలియకుండగనే వేలకొలది ఎకరములు దేశముఖుల పేర పట్టాలయ్యెను.

అట్టి దేశముఖులలో విసునూరు రామచంద్రారెడ్డి ఒకడు. పాలకుర్తికి చేరువనే యున్న విసునూరులో అతని గడీ యుండెను. అతని అధీనమున 40,000 ఎకరముల భూమి యుండెనని ఆ కాలపు చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. గడీ యనగా వట్టి భవనము కాదు. అదియే కచేరీ, అదియే న్యాయస్థానము, అదియే చెరసాల. తహసీలుదారు వచ్చినను, పోలీసు అమీను వచ్చినను విడిది ఆ గడీలోనే. దొరపై ఫిర్యాదు చేయదలచినవాడు దొర యింట భోజనము చేయుచున్న అధికారికే చేయవలసి వచ్చెడిది.

గడీ నడచుటకు ఊరంతయు వెట్టి చేయవలెను. వెట్టి యనగా కూలి లేని చాకిరి. కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, గొల్ల మేకలనీయవలెను, రైతు తన పొలము ఎండిపోవుచున్నను దొర పొలము ముందు దున్నవలెను. చాకలివారి పని బట్టలుదుకుటతో తీరెడిది కాదు. గడీలో అంట్లు తోముట, వచ్చిన అధికారులకు మంచములు, పక్కబట్టలు ఒక యూరినుండి మరియొక యూరికి మోయుట, పెండ్లిండ్లకు పబ్బములకు రాత్రింబవళ్లు గొడ్డువలె పాటుపడుట వారి వంతు. ఒంట్లో బాగులేదని యింట కూర్చుండుటకు వీలు లేదు. వెట్టి కూడదని నిజాము ప్రభుత్వము 1920 తరువాతి సంవత్సరములలో ఉత్తర్వులు వెలువరింపక పోలేదు. ఆ ఉత్తర్వులు హైదరాబాదులో అచ్చయ్యెను. వానిని విసునూరులో అమలు జరుపవలసినవారు వెట్టితో బ్రదుకుచున్నవారే. ఇక అవి అమలు జరుగుట యెట్లు?

దొర చేతిలో కొరడా యున్నచో, పట్వారి చేతిలో కలము ఉండెను. గ్రామమున పట్వారి ఉద్యోగము తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. ఎవరి చేను ఎంత, ఏ సంవత్సరమున ఎవరు దున్నిరి, ఎంత శిస్తు చెల్లించిరి అను లెక్కలన్నియు అతని దస్త్రములలోనే యుండెను. రాజ్యమున అధికారభాష ఉర్దూ. పల్లె రైతునకు తన మాతృభాషలోనే చదువు లేదు. ఇక ఉర్దూ దస్త్రమున తన పేరున్నదో లేదో చూచుకొనుట కల్ల. పొలము గట్టుమీద నిలిచి ఇది నాదని చెప్పుట యొకటి, కాగితముమీద నాదని యుండుట మరియొకటి. ఈ రెండింటికి నడుమనున్న అగాధములో ఎన్ని కుటుంబములు కూలిపోయెనో లెక్క లేదు.

ఇట్టి స్థితిలో ఐలమ్మ కుటుంబము సేద్యమునకు పూనుకొనెను. మల్లంపల్లి భూస్వామికి పాలకుర్తిలో 40 ఎకరముల భూమి యుండెను. ఐలమ్మ దానిని కౌలుకు తీసికొని, అందులో నాలుగెకరములను సాగుచేసి వరి వేసెను. రజకురాలు కౌలుదారు కావచ్చునా, రేవు వదలి పొలమునకు పోవచ్చునా యని ఊరిలో పెద్దలనుకొనువారికి కంటగింపయ్యెను. పట్వారి ఐలమ్మను పిలిపించి, ఇంటిల్లిపాదియు వచ్చి తన పొలములో వెట్టి చేయవలెనని ఆజ్ఞాపించెను. ఐలమ్మ పోలేదు. ఈనాడు ఇది చిన్న విషయముగా తోచును. ఆనాడు పాలకుర్తిలో పట్వారి మాటకు కాదని బదులు చెప్పిన చాకలి కుటుంబము మరియొకటి లేదు.

ఐలమ్మకు అంతటి ధైర్యము ఒక్కనాట వచ్చినది కాదు. దానివెనుక ఆంధ్రమహాసభ కలదు. నిజాము రాజ్యములోని తెలుగువారి భాషాభివృద్ధి కొరకు, గ్రంథాలయముల కొరకు 1921లో ఆంధ్రజనసంఘము వెలసెను. అదియే పెరిగి ఆంధ్రమహాసభయై, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సమావేశము జరుపుకొనెను. తొలినాళ్లలో అది చదువుకొన్నవారి సభ. వినతిపత్రములతో, తీర్మానములతో కాలము గడపెను. వెట్టిని గూర్చియు తీర్మానించెను గాని, వెట్టి చేయువారు ఆ సభలలో అరుదుగా కనబడుచుండిరి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభతో ఆ తీరు మారిపోయెను. కమ్యూనిస్టులు సభకు నాయకులైరి, మితవాదులు విడిపోయిరి. సభ్యత్వపు రుసుమును పేదవాడు ఇచ్చుకోగలిగినంతకు తగ్గించిరి. ఊరూర సంఘములు ఏర్పడెను. చిన్న కాగితముపై వ్రాసిన సభ్యత్వపు రశీదును జనులు చిట్టి యనుచు, దానిని పెట్టెలో బంగారమువలె దాచుకొనుచుండిరి. ఒక విధముగా చూచినచో, పట్వారి దస్త్రమునకు ఎదురుగా పేదవాని పేర వెలసిన తొలి కాగితము అదియే. సంఘమువారు చేతికర్రలు పట్టుకొని తిరిగెడివారు గనుక దానికి గుతుపల సంఘమను పేరును వచ్చెను.

పాలకుర్తిలో సంఘము స్థాపింపబడగనే ఐలమ్మ అందు సభ్యురాలయ్యెను. సంఘమునకు వచ్చువారికి ఆమె యిల్లే భోజనశాల, విడిది. ఉన్న గంజినే పదిమందికి పోసెను. ఇది పట్వారి చెవిని పడెను. అతనినుండి దేశముఖునకు తెలిసెను. ఒక్క చాకలి కుటుంబము వెట్టి మానుటవలన గడీకి కలుగు నష్టము స్వల్పమే. కాని ఆమెను చూచి కుమ్మరి, మంగలి, గొల్ల, మాదిగ అందరును వెట్టి మానినచో గడీ నిలుచుట యెట్లు? దేశముఖు భయము అది. ఆ భయము అకారణమైనది కాదని తరువాతి చరిత్ర తెలిపినది.

భువనగిరి సభ జరిగిన కొలది కాలమునకు పాలకుర్తిలో సంఘమువారు బహిరంగసభ తలపెట్టిరి. దానిని చెదరగొట్టుటకు దేశముఖు తన మనుష్యులను పంపెను. వారి యత్నము ఫలింపలేదు. మరునాడు కథ తలక్రిందులుగా పోలీసుల కడకు చేరెను: సంఘమువారే దేశముఖు మనుష్యులను చంపజూచిరని ఫిర్యాదు. నాయకులను పట్టుకొనిపోయిరి. ఐలమ్మ కుటుంబమువారిని కూడ ఆ కేసులో నిరికించిరి. విచారణలో ఆ యభియోగము నిలువలేదు. న్యాయస్థానమున దెబ్బతిన్న దేశముఖు వేరొక ఉపాయము పన్నెను. మనుష్యులను జైలునకు పంపుటకంటె కుండలో గింజ లేకుండ చేయుట తేలికయని అతడు తలచి యుండవచ్చును. పట్వారిని పిలిపించి, ఐలమ్మ కౌలుచేయు భూమిని తన పేర వ్రాయించుకొనెను. భూమి దొరది యైనపుడు పంటయు దొరదే యని ప్రకటించెను.

అప్పటికి పైరు పండియున్నది. దుక్కినాటినుండి కోతనాటివరకు ఆ చేనిలో ఐలమ్మ కుటుంబముయొక్క చెమట ఇంకియున్నది. ఒకనాడు దేశముఖు మనుష్యులు, పాలేర్లు, కూలివాండ్రు కలిసి వందమందికి పైగా కొడవళ్లతోను, కర్రలతోను చేనిపైకి వచ్చిరి. ఆ వచ్చినవారిలో అనేకులు దొరకు వెట్టి చేయు పేదలే యనుట మరువరాదు. వారికి ఐలమ్మపై పగ లేదు. రాకున్నచో తమ గతి యేమగునో వారికి తెలియును గనుక వచ్చిరి.

వార్త సంఘమునకు అందెను. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైన నాయకులు ఆ ప్రాంతముననే యుండిరి. ముప్పదిమందికి లోపుగా వాలంటీర్లు గుతుపలు చేతబట్టి, నినాదములు చేయుచు చేనివైపు పరుగెత్తిరి. వారివెంట ఐలమ్మ యుండెను. ఆమె కొంగు నడుమునకు బిగించి, రోకలి చేతబట్టి ముందు నడచెనని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. వందమందికి ముప్పదిమంది సాటి కారు. ఐనను దేశముఖు మనుష్యులకు ఎదురుదెబ్బ యెన్నడును అనుభవములోని విషయము కాదు. తిరుగబడిన జనమును వారు అంతవరకు చూచియుండలేదు. కర్రలు లేచిన మరుక్షణమున వారు కొడవళ్లు విడిచి పలాయితులైరి. కూలివాండ్రు మెల్లగా ప్రక్కకు తప్పుకొనిరి.

అంతటితో పని ముగిసినట్లు కాదు. దేశముఖు తిరిగి మనుష్యులను పంపకముందే చేను ఇల్లు చేరవలెను. గుతుపలు పట్టిన చేతులే కొడవళ్లు పట్టెను. నాయకులు, కార్యకర్తలు అను భేదము లేక అందరును చేనిలో దిగి కోసిరి. పనలు కట్టలు కట్టి, కల్లమునకు మోసి, వరి కొట్టి, ధాన్యమును ఐలమ్మ యింటికి చేర్చిరి. ఆ రాత్రి పోలీసులు గ్రామమునకు వచ్చిరి గాని, జనము కాచియుండుట చూచి ధాన్యముపై చేయి వేయుటకు సాహసింపలేదు.

గింజలు దక్కినవి. దానికి మూల్యము కూడ చెల్లింపవలసి వచ్చెను. మరునాడు సంఘ నాయకులను నిర్బంధించి, ఠాణాకు గాక విసునూరునకు కొనిపోయి చిత్రహింసలపాలు చేసిరి. ఐలమ్మ యింటికి నిప్పు పెట్టిరి. ఉన్న సామగ్రి దోచుకొనిరి. ఆమె కూతురును అవమానించి బాధించిరి. ఒక తల్లికి ఇంతకంటె కష్టము లేదు. ఆమె పుట్టింటికి పోయి తలదాచుకొనియున్నచో లోకము తప్పుపట్టియుండదు. ఆమె పాలకుర్తిని విడువలేదు; సంఘమును విడువలేదు; చేనును విడువలేదు. దేశముఖు ఎంత యత్నించినను ఆ నాలుగెకరములు అతని వశము కాలేదు. ఐలమ్మ కుమారులు, ఊరివారు కలిసి పట్వారి యింటిని కూల్చి, ఆ స్థలమున మొక్కజొన్న వేసిరని చెప్పుదురు. ఇల్లు కాల్చినవానికి ఇల్లు కూల్చి బదులు చెప్పుట ధర్మమా యని అడుగవచ్చును. ఆ కాలమున పాలకుర్తిలో దానిని అడుగదగిన న్యాయస్థానము వారికి అందుబాటులో లేకుండెను.

పాలకుర్తి చేని వార్త దావాగ్నివలె వ్యాపించెను. చాకలి ఐలమ్మ పంటను దొర తీసికొనలేకపోయెనట యను మాట సంతలలో, బావులయొద్ద, కల్లములలో వినవచ్చెను. ధర్మాపురమున లంబాడీలు తమ భూముల కొరకు భూస్వాములను ఎదిరించి నిలిచిరి. ఊరూర వెట్టి మానివేసిరి. 1946 జూలై 4వ తేదీన, విసునూరు దేశముఖు అధీనములోనే యున్న కడవెండి గ్రామమున, సంఘమువారి ఊరేగింపుపై గడీవైపునుండి తుపాకులు ప్రేలెను. దొడ్డి కొమరయ్య అను గొల్లకుర్మల యువకుడు నేలకొరగెను. ఆనాటితో ఉద్యమము సాయుధపోరాటముగా మారెనని చరిత్రకారులు చెప్పుదురు. జనగామ, సూర్యాపేట తాలూకాలనుండి అది మానుకోటకు, అటుపై గోదావరి తీరపు అడవులవరకు ప్రాకెను. మానుకోట యనగా నేటి మహబూబాబాదు. 3,000 గ్రామములలో 10 లక్షల ఎకరములు పేదలకు పంచబడెననియు, 4,000 మంది ప్రాణములు కోల్పోయిరనియు ఉద్యమ నాయకులు వ్రాసిరి.

1948 సెప్టెంబరున భారతసేనలు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. నిజాము పాలన ముగిసెను; రజాకార్ల దౌర్జన్యములు అణగెను. పారిపోయిన దొరలు కొందరు సైనికుల వెంటనే తిరిగి గ్రామములకు వచ్చి, పంచిన భూములను మరల ఆక్రమించుకొనిరి. పోరాటము మరి మూడేండ్లు సాగి, 1951 అక్టోబరున విరమింపబడెను. ఈ నడుమ రాజ్యము భూమిని గూర్చి ఆలోచింపక తప్పలేదు. 1949 ఆగస్టున జాగీరులు రద్దయ్యెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము, తన 23వ అధికరణమున, వెట్టిచాకిరిని నిషేధించి, దానిని శిక్షింపదగిన నేరముగా ప్రకటించెను. ఆ యేడే హైదరాబాదు కౌలుదారీ చట్టము వెలువడెను. నిర్ణీతకాలము భూమిని సాగుచేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించి, వారిని ఇచ్చవచ్చినట్లు తొలగింపరాదని ఆ చట్టము శాసించెను. కౌలుదారునకు చేనిపై హక్కు కలదను మాటను ఐలమ్మ అంతకు అయిదారేండ్లకు ముందే గుతుపలవారి తోడుతో నిలబెట్టియుండెను.

చట్టము వచ్చినంతనే భూమి వచ్చెనని తలపరాదు. కౌలుదారుల పేర్లు దస్త్రములకెక్కకముందే వారిని తొలగించిన భూస్వాములు కలరు. బంధువుల పేర, పాలేర్ల పేర, కడకు చనిపోయినవారి పేర భూములు వ్రాయించి దాచినవారును కలరు. 1973లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున భూపరిమితి చట్టము వచ్చినపుడును ఈ మాయలు ఆగలేదు. పట్వారి కలము అట్లే యుండెను. చట్టసభలలో వ్రాసినదొకటి, చావడిలో వ్రాసినదొకటిగా ఎన్నో ఏండ్లు గడచెను.

ఆ ఏండ్లన్నియు ఐలమ్మ పాలకుర్తిలోనే గడపెను. ఆమె పదవులు కోరలేదు; ఆమెకు ఎవరును ఇచ్చినదియు లేదు. వెంటనుండి పోరాడినవారిలో కొందరు శాసనసభలకు, లోకసభకు ఎన్నికైరి. భీమిరెడ్డి నరసింహారెడ్డి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి లోకసభకు గెలుపొందెను. ఐలమ్మ జెండాను నమ్ముకొని, చేనును నమ్ముకొని, ముదిమిలోను కష్టించి జీవించెను. ఉద్యమపు చరిత్రలు వ్రాసినవారు ఆమె చేనిని గూర్చి పుటలు నింపిరి గాని, ఆమె జీవితమును గూర్చి వ్రాసినది స్వల్పము. పేదవారి చరిత్రకు తరచుగా ఈ లోపము పట్టుచుండును.

1984వ సంవత్సరమున ఎన్.టి.రామారావు ప్రభుత్వము పటేలు, పట్వారి ఉద్యోగములను రద్దు చేసెను. తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండిన దస్త్రములు ప్రభుత్వము వశమయ్యెను. ఐలమ్మకు అప్పటికి దాదాపు 90 ఏండ్లు. తన చేనిని ఒక్క గీతతో దొర పేరునకు మార్చిన ఆ కలము రాలిపోవుట ఆమె కన్నులార చూచెను. మరుసటి సంవత్సరము, 1985 సెప్టెంబరు 10వ తేదీన, అనారోగ్యముతో పాలకుర్తిలో కన్నుమూసెను.

ఆమె జ్ఞాపకార్థము పాలకుర్తిలో స్తూపము నిలిపిరి. 2016 అక్టోబరు 11న తెలంగాణమున క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు జనగామ ఒక జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలును ఆనాడే వెలసెను. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఒక మూలనుండిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో నున్నది. దేశముఖుల కాలమున తహసీలుదారు గడీలో విడిది చేసిన ఆ ప్రాంతమున, నేడు మండల కార్యాలయములు తెలుగులో దరఖాస్తులు స్వీకరించుచున్నవి.

2021 నుండి సెప్టెంబరు 26న ఐలమ్మ జయంతిని తెలంగాణ ప్రభుత్వము అధికారికముగా జరుపుచున్నది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. ఆ ప్రాంగణము పూర్వము ఆంగ్లేయ ప్రభుత్వముయొక్క రెసిడెంటు నివాసము. నిజాము ప్రభువుల మంత్రులు సైతము అనుమతి లేక అడుగిడని చోటు. అచటి ద్వారముపై ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్నది. పల్లెలనుండి వచ్చిన బాలికలు పుస్తకములు పట్టుకొని ఆ పేరు క్రిందుగా లోనికి పోవుచున్నారు.